గడప దాటిన అద్దం

సువార్తరావు ఎడమ చెంప గీసుకోవడం అయిపోయింది. కుడి చెంపకు సబ్బు నురగ పట్టిస్తున్నాడు. అద్దం కిటికీ ఊచకు పురికొసతో వేలాడుతోంది. అరచేతికన్నా కాస్త పెద్దది, గుండ్రటిది, చుట్టూ రేకు అంచు. వెనక రేకు మీద ఒకప్పుడు గులాబీ పువ్వు ఉండేది. తుడిచీ తుడిచీ ఇప్పుడొక ఎర్రటి మరక మిగిలింది. పై అంచున చిన్న బీట. ఆ బీట ఏ ఏడు పడిందో, ఏ కొండ మీద పడిందో, ఆ పూట కారియర్‌లో ఏం కూర ఉందో కూడా ఆయనకు గుర్తే. అలాంటివన్నీ గుర్తుంటాయి గానీ, నిన్న కళ్ళజోడు ఎక్కడ పెట్టాడో మాత్రం గుర్తుండదు.

“ఆ అద్దం ఇలగిచ్చీ, మూట కట్టీత్తాను,” అంది అంతోనమ్మ వెనక నుంచి. ఆమె నేల మీద కూర్చుని పాత చీరల మడతల మధ్య గిన్నెలు చుట్టిపెడుతోంది.

“ఈ పూటకి దాంతో పనుంది.”

“ఏటి పని? రేపొద్దున్నే బస్సు. సోఫియా ఇంట్లో గోడంత అద్దముంది.”

“గోడంత అద్దాన్ని సంచీలో ఎట్టుకుని స్తంభం ఎక్కగలనేటి?”

“రేపటికాడ నుంచి నువ్వెక్కేది డాబా మెట్లే. సంకలో మనవరాలు, భుజాన తువ్వాలు. ఆ అమ్మడు నీ కాళ్ళు సూసి జడుసుకోకుండా ఉంటే సాలు.”

సువార్తరావు తన కాళ్ళ వంక చూసుకున్నాడు. చెప్పొద్దూ, చూడదగ్గ కాళ్ళే అవి. మోకాళ్ళ దగ్గర విల్లులా బయటికి వంగి, పిక్కల మీద పాత గీతలు, బొటనవేళ్ళు మిగతా వేళ్ళతో పొత్తు లేనట్టు దూరంగా విడివడి ఉంటాయి. ముప్పై నాలుగేళ్ళు స్తంభాలు కౌగిలించుకుని ఎక్కిన మనిషి కాళ్ళు ఇంకెలా ఉంటాయి? నిలబడితే రెండు మోకాళ్ళ మధ్య నుంచి పిల్లి దూరిపోతుందని అంతోనమ్మ నవ్వుతుంది. నిజంగానే ఒకసారి దూరింది కూడా.

రేపు ఇద్దరూ సీలేరు వెళ్ళిపోతున్నారు. కూతురు సోఫియా అక్కడ కాలనీ బడిలో పంతులమ్మ. ఐదు నెలల క్రితం ఆడపిల్ల పుట్టింది. ఇంక చాలు రండి అని కూతురు అడగడం, సరే అని వీళ్ళు అనడం, రెండూ ఒక్క ఫోనులోనే అయిపోయాయి. హుకుంపేట కేబుల్ ఆఫీసులో సువార్తరావుకి ఇవాళ ఆఖరి రోజు. ఆయన పేరు మీద ఒక్క కంప్లైంటే మిగిలింది. పనసగెడ్డలో కనక ఇల్లు. ఇంట్లో కంప్యూటరు ఉంది, రూటరు ఉంది, కానీ రెంటికీ మాటల్లేవు.

“ఆ కంప్లైంటు రేపొచ్చే కుర్రాళ్ళకి ఒగ్గేయొచ్చు గదా,” అంది అంతోనమ్మ.

“ఒగ్గేత్తే సీలేరులో నిద్దర పట్టదు,” అన్నాడాయన. నురగ కడుక్కుని, అద్దం తుడిచి, గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకున్నాడు.

పనసగెడ్డకు జీపు సంత రోజునే వస్తుంది. మిగతా రోజుల్లో ఎనిమిది కిలోమీటర్లూ నడకే. సిల్వర్ ఓక్ చెట్ల మధ్య, వాటికి చుట్టుకున్న మిరియపు తీగల కింద నుంచి దారి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. వలిసె ఇంకా పూతకు రాలేదు. సామ చేలు మాత్రం పండి తల వంచి ఉన్నాయి. ఆ దారిలో ప్రతి స్తంభమూ సువార్తరావుకి చుట్టమే. ఈ మాట ఊరికే అనడం కాదు. పాతికేళ్ళ వయసులో ఈ కొండకు మొదటి టెలిఫోను తీగ తెచ్చినప్పుడు ఆ గోతులు తవ్వింది ఆయనే. తర్వాత సెల్‌ఫోన్లు వచ్చి రాగి తీగ ఎవరికీ అక్కర్లేకపోయింది, స్తంభాలు పీకెయ్యమన్నారు. తాను పాతినవి తానే పీకాడు. ఆ పైన పదేళ్ళకు గాజు తీగ వచ్చింది, అందులో వెలుగు పరిగెడుతుందన్నారు, మళ్ళీ స్తంభాలు కావాలన్నారు. కొత్త కుర్రాళ్ళు ఎక్కడ తవ్వాలా అని టేపులు పట్టుకుని కొలుస్తుంటే, ఆయన గడ్డి పక్కకు నెట్టి పాత గోతులు చూపించాడు. అవి ఇంకా నోళ్ళు తెరుచుకుని అలాగే ఉన్నాయి, ఎప్పటికైనా వస్తాడని తెలిసినట్టు.

ఆ మొదటి తీగ లాగిన రోజుల్లోనే అద్దం వచ్చింది. ఈ కొండ మీద ఒకడు, ఆ కొండ మీద ఒకడు, మధ్యలో లోయ. కేకేస్తే వినపడదు. అందుకని ఎండలో అద్దం తళుక్కుమనిపించేవారు. ఒక మెరుపంటే లాగు, రెండంటే వదులు, మూడంటే అన్నం వచ్చింది, దిగు. ఒకనాడు సువార్తరావు మూడు మెరుపులు పంపితే, అవతలి కొండ నుంచి మూడు వచ్చాయి, పక్క దిబ్బ మీద నుంచి ఇంకో మూడు వచ్చాయి. ఆ దిబ్బ మీద లైను మనుషులెవరూ లేరు. చూడబోతే చోడి చేలో కలుపు తీస్తున్న పిల్ల ఒకతె, తోమిన స్టీలు పళ్ళెం అడుగుభాగాన్ని ఎండకు తిప్పుతోంది. వారం రోజులు అలా తిప్పింది. ఎనిమిదో రోజు ఈయన దిగి, లోయ దాటి, ఆ దిబ్బ ఎక్కాడు. ఆ పళ్ళెం ఇప్పుడు అంతోనమ్మ కట్టే మూటలో అన్నిటికన్నా అడుగున ఉంది.

పనసగెడ్డ చేరేసరికి పన్నెండున్నర దాటింది. కనక ఇంటి వసారాలో ఒక అమ్మాయి చెప్పులు తొడుక్కుని, భుజాన సంచీ తగిలించుకుని, ప్రయాణానికి సిద్ధంగా నిలబడి ఉంది. కనక కూతురి కూతురు, స్వర్ణ. తల్లి నిర్మల హుకుంపేట ఆశ్రమ పాఠశాలలో వంట చేస్తుంది. పిల్ల మాత్రం పాలు మరిచిన నాటి నుంచి అమ్మమ్మ దగ్గరే.

“తాతా, ఒక్క మాట సెప్పండి,” అంది స్వర్ణ, దండం పెట్టడం కూడా మరిచిపోయి. “నర్సింగు సీట్లకి కాలేజీలు ఎంచుకోడానికి ఇయ్యాలే ఆఖరు. ఐదింటికి మూసేత్తారు. రాత్రి రెండు కాలేజీలు పెట్టినాను, ఇంతలో నెట్టు పోనాది. పాడేరు కాలేజీ పెట్టనే లేదు. ఇప్పుడు బయలెల్తే మూడున్నరకి హుకుంపేట నెట్టు సెంటరు అందుకుంటాను. మీరు బాగుసేత్తారా, నన్ను నడవమంటారా?”

“ఫోనులో అవదేటి?”

“సిగ్నల్ రాయి ఎక్కితే మాట వత్తాది గానీ పేజీ తెరుసుకోదు తాతా. పొద్దున్న గంటసేపు అక్కడే నిలబడ్డాను.”

పోయినేడు స్వర్ణకు ర్యాంకు రాలేదు. ఈ ఏడు వచ్చింది. ఊళ్ళో కొడవలి తెగితే పసుపు పెట్టి కట్టు కట్టేది ఆ పిల్లే, దూడ కాలు విరిగితే వెదురు బద్దలతో కట్టేదీ ఆ పిల్లే. పాడేరులో సీటొస్తే వారం వారం ఇంటికి వచ్చిపోవచ్చు. రాకపోతే ఎక్కడో కింద, మైదానంలో, వేసవి సెలవులకు గానీ అమ్మమ్మ ముఖం చూడడానికి ఉండదు.

సువార్తరావు తల తిప్పి ఆకాశం చూశాడు. హుకుంపేట వైపు కొండ వెనక మబ్బు గట్టిపడుతోంది. పిల్ల సగం దారిలో ఉండగా గెడ్డ పొంగితే, అటూ కాదు ఇటూ కాదు.

“ఉండు,” అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళలో లైను చూడకుండా ఎవరికీ మాట ఇచ్చిన మనిషి కాదు.

స్వర్ణ చెప్పులు విడిచింది.

“తమ్ముడొచ్చినాడా?” అంటూ కనక దొడ్లోంచి వచ్చింది. డెబ్బై దాటినా నడుం వంగలేదు. ముక్కుకు మూడు పుడకలు, చేతికి పచ్చబొట్టు చారలు, కొంగులో చిక్కుడు కాయలు. “కూకో. అంబలి తాగు. నెట్టు డబ్బా ఎక్కడికీ పారిపోదు.”

“అంబలి తరవాత, అప్పా. ముందు డబ్బా,” అన్నాడు. అక్కను అప్ప అని పిలవడం ఆయనకు కింద ఊళ్ళ నుంచి వచ్చిన అలవాటు.

ముందు వీధిలో స్తంభం ఎక్కాడు. పెట్టె తెరిచి, వెలుగు కొలిచే మీటరు పెట్టి చూశాడు. గాజు తీగలో వెలుగు నిండుగా ఉంది. పెట్టె వెనక్కి అద్దం పెట్టి చూశాడు. ఎలుక కొరికిన గుర్తు లేదు, చీమల గూడు లేదు. దిగాడు. వసారాలో బల్ల మీద కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కుంటి బల్ల, ఒక కాలి కింద కొబ్బరి చిప్ప పెట్టారు. తెర మీద నెట్టు పేర్లు వచ్చే చోట ఒక్క పేరూ లేదు. కంప్యూటరు ఆపి, మళ్ళీ వేశాడు. వెనక గుచ్చిన వేలెడు వైఫై పుల్లను పీకి, ఊది, ఇంకో రంధ్రంలో గుచ్చాడు. లేదు. తన ఫోను తీసి చూశాడు. అందులోనూ లేదు. అంటే తప్పు కంప్యూటరుది కాదు. రూటరుదే.

రూటరు ఎక్కడుందో సువార్తరావుకి తెలుసు. అదే చిక్కు. అది లోపలి గదిలో ఉంది. ఆ గదిలో ఇంటి నడిమి స్తంభం ఉంది, స్తంభం మొదట్లో ఇంటి దేవుడున్నాడు. ఆ వంశం వాళ్ళు తప్ప ఇంకొకరు ఆ గడప దాటరు. స్వర్ణకు తండ్రి వంశం వేరు గనక, ఇక్కడే పుట్టినట్టు పెరిగినా తను కూడా దాటదు. ఆ గదికి మాత్రమే వాన కారదని రూటరు అక్కడ పెట్టింది కనక కొడుకు సుక్రు. వాడూ కేబుల్ ఆఫీసు వాడే. ఇప్పుడు బొర్రా వైపు కొత్త లైను పనిలో ఉన్నాడు, ఫోను అందడం లేదు. మిగిలింది కనక ఒక్కతే. రూటరును వసారాలోకి తెద్దామంటే గాజు తీగ అంత పొడుగు లేదు, అటు నుంచి వైరు లాగుదామంటే దేవుడి గోడకు బెజ్జం పెట్టకూడదు.

“అప్పా, లోనకెల్లి సూడు. దీపాలెలుగుతున్నాయా?”

కనక వంగి గడప దాటింది. కాసేపటికి లోపల నుంచి గొంతు వినిపించింది. “ఎలుగుతున్నాయి. మూడు పచ్చవి. ఒకటి గంతులేత్తంది.”

“వచ్చీసింది!” స్వర్ణ కేక పెట్టింది. తెర మీద పేరు కనపడింది, పక్కన గీతలు నిండుగా.

కనక సంబరంగా బయటికి వచ్చింది. ఆమె వసారాలో అడుగు పెట్టే లోపల పేరు పోయింది.

ఆ తర్వాత గంటసేపు జరిగింది తలుచుకుంటే సువార్తరావుకి ఆ పైన ఎన్నాళ్ళైనా నవ్వు ఆగలేదు గానీ, ఆ పూట మాత్రం చెమట పట్టింది. కరెంటు ప్లగ్గు వదులేమో అనుకుని కదిపించాడు. కనక లోపలికి వెళ్ళి, దీపాలు చూసి, ప్లగ్గు కదిపి, “గట్టిగానే ఉంది,” అంది. అంతసేపూ నెట్టు వచ్చింది. బయటికి వచ్చింది, పోయింది. రూటరు ఆపి మళ్ళీ వెయ్యమన్నాడు. వచ్చింది, పోయింది. ఒకటిన్నర అయ్యింది. రెండు అయ్యింది. ఇప్పుడు పరిగెత్తినా హుకుంపేటలో వరుసలో నిలబడి అందుకోలేదు. స్వర్ణ గోడ గడియారం చూడడం మానేసింది.

చివరికి ఆ పిల్లే అంది. “తాతా, అమ్మమ్మ లోనకెల్తే వత్తంది. బయటికొత్తే పోతంది.”

కనక ముఖం వెలిగిపోయింది. “మరేటనుకున్నారు? యాభై ఏళ్ళ నుంచి దీపమెడతన్నాను. దేవుడు నన్నెరగడేటి?” అని చేటా చిక్కుడు కాయలూ పట్టుకుని లేచింది. “ఐదింటి వరకూ లోనే కూకుంటాను. గింజలు ఒలుసుకుంటాను. నువ్వు రాసుకో గుంటా.”

లోపలికి వెళ్ళి కూర్చుంది. కాయలు ఒలిచే చప్పుడు టపటపా వినిపిస్తోంది. నెట్టు మాత్రం రాలేదు.

“అప్పా, ఉన్నావా?”

“ఉన్నాను.”

“ఏటి సేత్తన్నావు?”

“కూకున్నాను.”

“ఓసారి దీపాలు సూడు.”

“సూత్తన్నాను.”

“వచ్చింది!” అంది స్వర్ణ.

“సరే అప్పా, కూకో.”

“పోనాది తాతా.”

సువార్తరావు నుదురు తుడుచుకున్నాడు. కూర్చుంటే రావడం లేదు. చూస్తే వస్తోంది.

“దేవుడి సూపు నా కళ్ళలో ఉన్నట్టుంది తమ్ముడా,” అంది లోపల నుంచి కనక, దిగులూ గర్వమూ కలిపి. “ఐదింటి దాకా రెప్పెయ్యకుండా సూడమంటే ఎలగ?”

సువార్తరావు సంచీలోంచి గుడ్డ తీశాడు, గుడ్డలోంచి అద్దం తీశాడు. గడపకు ఇవతల, ఒక మూర దూరంలో గొంతుక్కూర్చున్నాడు.

“అప్పా, నాను గడప దాటను. ఈ అద్దం దాటొచ్చా?”

లోపల కాయలు ఒలిచే చప్పుడు ఆగింది. ఇలాంటి ప్రశ్న ఆ ఇంట్లో ఇంతకు ముందు ఎవరూ అడిగి ఉండరు. కనక గుమ్మం దాకా వచ్చి, అద్దం వంక, ఆయన వంక, మళ్ళీ అద్దం వంక చూసింది.

“అద్దానికి ఏ వంశముంటాది?” అంది చివరికి. “ఎవులొత్తే ఆలదే గదా. ఇలగిచ్చీ. ఉండు, దేవుడి మీద తుండు కప్పీసి వత్తాను. నువ్వు డబ్బానే సూడాల, ఇంకేటీ సూడకూడదు.”

“డబ్బానే సూత్తాను.”

కప్పులో ఒక గాజు పెంకు ఉంది. దాని వెలుగు చాలు. కనక అద్దం పట్టుకుంది, సువార్తరావు గడప ఇవతల నుంచి దిక్కు చెప్పాడు.

“పైకెత్తు. మరీ పైకి కాదప్పా, వాసాలు కనిపిత్తన్నాయి. కిందకి. ఎడం. అది నీ ముక్కు. ఇంకా ఎడం. అది నీ రెండో ముక్కుపుడక.”

స్వర్ణ పకపకా నవ్వింది. పొద్దుటి నుంచి ఆ పిల్ల నవ్వడం అదే మొదలు.

“ఇంకొంచెం... ఆపు. అలగే ఉంచు.”

అద్దంలో గోడవార పీట కనపడింది. పీట మీద రూటరు ఉండాలి. లేదు. దాని చోట తళతళలాడే ఇత్తడి గుండిగ ఒకటి బోర్లించి ఉంది. దాని మూతి కింద నుంచి రెండు వైర్లు తోకల్లా బయటికి వచ్చాయి.

“అప్పా. అదేటి?”

“గుండిగ.”

“దాని కిందేటుంది?”

“నీ డబ్బాయే.”

ఆయన అడిగినవాటికన్నిటికీ కనక నిజమే చెప్పింది. చూడమన్నప్పుడల్లా గుండిగ ఎత్తి చూసింది, చూసినంతా చెప్పింది, మళ్ళీ జాగ్రత్తగా బోర్లించింది. గుండిగ సంగతి ఎవరూ అడగలేదు.

“ఎందుకు మూసినావు అప్పా?”

“ఎందుకంటావేటి? రాత్రి ఉరుములు మొదలైనాయా లేదా? ఉరిమితే పొదిగే గుడ్లు పాడైపోవా? గుడ్ల మీద కంచమో గుండిగో బోర్లించి, పక్కన కొడవలి ఎట్టనా? మీ డబ్బా సెయ్యేసి సూడు, పొదిగినట్టే ఎచ్చగుంటాది. పోయినేడు పిడుగుకి డబ్బా కాలిపోతే వచ్చి బాగుసేసి నువ్వేటి సెప్పినావు? ‘ఇది గుడ్డు లాంటిదప్పా, ఉరుములొత్తే జాగర్త’ అన్లేదూ?”

అన్నాడు. ఇదే వసారాలో, అంబలి తాగుతూ, చక్కగా చెప్పానని తనలో తాను మెచ్చుకుంటూ అన్నాడు.

ముందు నవ్వింది స్వర్ణ. తర్వాత సువార్తరావు నేల మీద చతికిలబడి, విల్లు కాళ్ళు చాపుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. కనక తను చేసింది తప్పా ఒప్పా తేలక అద్దం పట్టుకుని అలాగే నిలబడింది. అద్దంలో మూడు ముక్కుపుడకలు మెరిశాయి.

“ఇత్తడి దాటి నెట్టు రాదు అప్పా. గుండిగ తీసీ.”

తీసింది. తెర మీద పేరు వచ్చి నిలబడింది. మూడు అయ్యింది. స్వర్ణ అప్పటికే కుర్చీలో ఉంది.

అదే సమయంలో కొండ వెనక ఉరిమింది.

“నాన్సెప్పలేదూ!” కనక గుండిగ ఎత్తింది.

“ఒద్దొద్దు! అప్పా, వెదురు బుట్ట బోర్లించు. వెదురులోంచి నెట్టు వత్తాది.”

“బుట్ట సాల్తుందా?”

“కొడవలి కూడా ఎట్టు. పక్కన ఎట్టు, మీద కాదు.”

బుట్టా కొడవలీ సర్దడానికి చేతులు కావాలి గదా, కనక అద్దాన్ని నడిమి స్తంభానికి ఆనించి నిలబెట్టింది. బుట్ట బోర్లించింది. నెట్టు పోలేదు.

నెట్టయితే నిలిచింది గానీ, ఆఖరి రోజు గనక రాష్ట్రంలో ఉన్న పిల్లలందరూ ఆ పేజీ మీదే ఉన్నట్టున్నారు. తెరుచుకోవడానికే అరగంట పట్టింది. ఒక్కో కాలేజీ పేరు ఎక్కాలంటే తెల్ల చక్రం తిరిగి తిరిగి విసిగించేది. సువార్తరావు వసారా చివర నిలబడి ఆకాశం చూస్తూ, మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టాడు. స్తంభం మీద ఉన్నవాడు నేర్చుకునే మొదటి లెక్క అది. పది కన్నా తగ్గితే దిగిపోవాలి. ఇంట్లో అయితే కరెంటు ఆపాలి.

“ఇరవై రెండు. రాసుకో గుంటా, అది ఇంకా అటేపే ఉంది.”

స్వర్ణ పాడేరు కాలేజీని అన్నిటికన్నా పైకి తెచ్చింది.

“పంతొమ్మిది. కంగారు పడకు.”

రెండోది, మూడోది. ఊళ్ళ పేర్లు పైకి చదువుతోంది. కనక లోపల నుంచి, “ఆ ఊరొద్దే, నీళ్ళు ఉప్పగుంటాయి,” అంటోంది. ఆమె ఏనాడూ ఆ ఊరు వెళ్ళలేదు.

“పదిహేను. బేగి కానీ.”

“తాతా, లాక్ సెయ్యమంటంది. సేత్తే ఇంక మార్చడానికుండదు.”

“ఇంకోసారి పైనుంచి కింద దాకా సదువు. ఆ తరవాత నొక్కు. పన్నెండు.”

చదివింది. నొక్కింది. తెల్ల చక్రం తిరిగింది, తిరిగింది, పచ్చటి గుర్తు పడింది. నాలుగూ నలభై.

“అయిపోనాది!”

“అప్పా, ఆపీ! ఇప్పుడు గుండిగ ఎట్టుకో!”

గుండిగ బోర్లించిన చప్పుడు ఠంగుమని వినపడింది, దానితో పాటు ఉరుమూ. ముగ్గురూ ఒక్కసారే నవ్వారు.

జల్లు పడి వెలిసింది. సువార్తరావు వసారాలో కూర్చుని సామ అన్నం, చిక్కుడు గింజల కూర తిన్నాడు. సిగ్నల్ అందాక దానంతటదే వెళ్ళేలా ఫోనులో కంప్లైంటు మూసెయ్యబోతే కారణం ఏమిటని అడిగింది. తీగ తెగింది, కరెంటు లేదు, యంత్రం పాడు, ఇతరములు. ఇత్తడి గుండిగ అని ఎక్కడా లేదు. ఇతరములు నొక్కాడు.

“రేపటికాడ నుంచి ఎవులొత్తారు?” అని కనక అడిగింది. సీలేరు సంగతి అప్పుడే విన్నది.

“నీ కొడుకే. ఈ లైను సుక్రుకిచ్చినారు.”

“ఆడా? ఊరందరిళ్ళకీ ఎల్తాడు. నా ఇంటికి మాత్తరం పండక్కే వత్తాడు.”

“ఇప్పుడు కంప్లైంటు రాయించు. రాక సత్తాడా?”

కనక ఆ ఉపాయం నచ్చినట్టు తలాడించింది. సువార్తరావు చెయ్యి కడుక్కుని, సంచీ సర్దుకుని, గడప వైపు చెయ్యి చాపాడు.

“అప్పా, అద్దం.”

కనక కదలలేదు. స్తంభం వైపు చూసింది, నేల వైపు చూసింది. చేతులు చీర కొంగులో చుట్టుకుంది.

“తమ్ముడా,” అంది మెల్లగా. “తొందర్లో స్తంభానికి ఆనించీసినాను. ఆ స్తంభానికి ఆనింది... మా ఇంట్లో బయటికి తియ్యరు. మా అత్త సెవి కమ్మలే అలగ ఉండిపోనాయి. నువ్వు అడిగితే తీత్తాను. అడుగు, తీత్తాను.”

సువార్తరావు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ముప్పై నాలుగేళ్ళు సంచీలో తిరిగిన అద్దం. రేపటి నుంచి గడ్డం గీసుకోవడానికి తప్ప అది ఎక్కే కొండ లేదు, దాని మెరుపుకు పలికే మనిషి లేడు. అద్దం చుట్టిన గుడ్డను మడిచి సంచీలో పెట్టుకున్నాడు.

“ఎందుకు తియ్యడం? దానికి అక్కడ పనుంది. రూటరు ఏసి, మళ్ళీ బుట్ట ఎట్టు. అంచు కాస్త ఎత్తుగా ఉంచు. ఇప్పుడు అద్దం తిప్పు. కుడి. ఇంకా కుడి. కొంచెం వంచు. గుంటా, నువ్వు కుర్చీలో కూకుని సూడు. ఎప్పుడు కనిపిత్తే అప్పుడు సెప్పు.”

“లేదు... లేదు... ఆ, కనిపిత్తన్నాయి! మూడు దీపాలూ!”

“ఆపు అప్పా. అలగే ఉంచీ. ఇంక లోనకెల్లి సూసే పన్లేదు. ఇక్కడి నుంచే తెలిసిపోద్ది.”

దేవుడి మీద తుండు అలాగే ఉంది. అద్దం కూడా రూటరు తప్ప ఇంకేమీ చూపించడం లేదు. కనక వంగి, అన్ని పక్కల నుంచీ పరీక్షించి, తృప్తిగా తలూపింది. ఆయన సంచీలో ఒక పొట్లం చిక్కుడు గింజలు, గుమ్మడిపండు పడేసింది. స్వర్ణ గెడ్డ దాకా వచ్చి, ఆ గుమ్మడిపండు మోసి, అక్కడ ఆయన చేతికిచ్చి కాళ్ళకు దండం పెట్టింది. విల్లు కాళ్ళు ఇబ్బందిగా కదిలాయి.

ఇంటికొచ్చేసరికి అంతోనమ్మ మూటలన్నీ కట్టి, ఒకటి మాత్రం విప్పి ఉంచుకుంది.

“అద్దమియ్యి.”

ఆయన చెప్పాడు. గుండిగ దగ్గర మొదలుపెట్టి స్తంభం దాకా చెప్పాడు. ఆమె మధ్యలోనే మూట మీద పడి నవ్వింది. లేచి కళ్ళు తుడుచుకుంది.

“నన్ను పట్టిన అద్దం వాళ్ళ దేవుడి గుంజకాడ ఎట్టొచ్చినావా? ఫాదరుగారికి సెప్పకు.” విప్పి ఉంచిన మూట బిగించింది. “రేపు గడ్డమెలగ గీసుకుంటావు?”

“నువ్వెదురుగా కూకుని సెప్పు. ఎడం, కుడి, పైకి, కిందకి.”

“ముక్కు తెగితే నాకు తెల్దు.”

పొద్దున్న అలాగే గీసుకున్నాడు. ముక్కు తెగలేదు, చెవి దగ్గర కాస్త మిగిలిపోయింది. ఆరున్నర బస్సుకు మూటలు పైకెక్కించి, ఇద్దరూ కిటికీ పక్కన కూర్చున్నారు. బస్సు మలుపు తిరిగేవరకూ దారిపక్క స్తంభాలు ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళాయి. ఆయన లెక్కపెట్టలేదు.

సీలేరుకు స్వర్ణ ఫోను ఇరవై రెండు రోజులకు వచ్చింది. పాడేరులోనే సీటొచ్చింది.

కనక ఇంట్లో, గాజు పెంకు కిందికి వాలే వెలుతురులో, నడిమి స్తంభానికి ఆనుకుని ఆ అద్దం అలాగే ఉంది. అంచున పాత బీట, పక్కన తుప్పు పట్టిన కొడవలి, నడుమ మూడు పచ్చటి చుక్కలు, అందులో ఒకటి గంతులేస్తూ.